అచ్చులో కుదించుకుపోయే గళ్లు

ప్రశ్న: టేబుల్‌టాప్ రోల్‌ప్లే ఆటకు (బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా ఆడేది) 24×30 గళ్ల పీడీఎఫ్ మ్యాప్ కొన్నాను. బొమ్మ కాపీ కావట్లేదు, ప్రింట్ తీస్తే గడి అంగుళం రావట్లేదు. ఏం చేయాలి?

జవాబు: రెండూ వేర్వేరు చిక్కులు. గళ్లు తగ్గేది ఫైల్‌కు వేసిన కాపీ తాళం వల్ల కాదు, బొమ్మను కాగితానికి సరిపోయేలా కుదించే ప్రింట్ సెట్టింగ్ ‘ఫిట్’ వల్ల. అడోబ్ రీడర్‌లో ‘పోస్టర్’ (పెద్ద బొమ్మను పలు కాగితాలపై విడదీసేది) ఎంచుకుని స్కేల్ 100 శాతం, ఓవర్‌ల్యాప్ (పక్క కాగితంలోనూ మళ్లీ వచ్చే అంచు) పావు అంగుళం పెట్టండి. అర అంగుళం మార్జిన్లతో నిలువు ఏ4లో 7×10 నిండు గళ్లు పడతాయి. మొత్తం 12 కాగితాలు. ముందు ఒక్క పేజీ తీసి స్కేలుతో కొలవండి, ఇంకు దండగ కాదు.

కాపీకి అడ్డు ఫైల్ అనుమతుల్లో ఉంది; డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లోని ‘సెక్యూరిటీ’లో కనిపిస్తుంది. ప్రింటింగ్ కూడా నిషేధమైతే పై ఉపాయం పనిచేయదు. ఆన్‌లైన్ ఆటకైతే అమ్మినవారినే గళ్లు లేని జేపీజీ అడగండి. డబ్బిచ్చి కొన్నవారు అడగడంలో మొహమాటమెందుకు? ఆన్‌లైన్‌లో ఇలాంటి ఆటలు ఆడే సైట్ రోల్20లో గడికి 70 పిక్సెళ్లు, అంటే మీ మ్యాప్‌కు 1680×2100.