బియ్యం అమ్మకూడని ఊరు ఒకటి జావాలో ఉంది

ప్రశ్న: బాలి కాకుండా ఇండోనేషియాలో ఎవరికీ పెద్దగా తెలియని, నిజంగా వ్యవసాయం మీదే బతికే పల్లెటూరు ఏదైనా చూశారా? అక్కడ రైతుల పరిస్థితి ఎలా ఉంది?

చూశాను. పేరు చిప్తగెలార్. పశ్చిమ జావాలో, సుకబూమి జిల్లాలో, హలిమున్ కొండల మీద సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. రైతుల పరిస్థితి అడిగారు కాబట్టి ముందే చెప్పేస్తాను: ఆ ఊళ్ళో పండిన బియ్యం ఎవరూ అమ్మరు. అమ్మడం వాళ్ళ కట్టుబాటుకి విరుద్ధం. నాకు తెలిసి రైతు అన్నవాడు నిశ్చింతగా నిద్రపోయే ఊరు భూమ్మీద అదొక్కటే. ఎందుకంటున్నానో చెప్పాలంటే మా నాన్నగారి గురించి చెప్పాలి.

అంతకంటే ముందు బాలి గురించి రెండు మాటలు. బాలి మీద నాకు కోపం లేదు. కానీ మనవాళ్ళ ప్యాకేజీ టూర్లలో వరిపొలం అంటే ఉయ్యాల వెనకాల కనిపించే పచ్చటి తెర. టికెట్ కొనడం, పొడుగు గౌను అద్దెకి తీసుకోవడం, ఊగడం, రీలు తీసుకోవడం, సాయంత్రానికి పనీర్ బటర్ మసాలా దొరికే హోటల్ కోసం ఊరంతా తిరగడం. ఆ చేను ఎవరిది, ఏ రకం, ఎప్పుడు కోస్తారు అని అడిగిన తెలుగువాణ్ణి నేనింకా చూడలేదు. చిత్రమేమిటంటే, వాళ్ళలో ముప్పాతిక వంతు మంది రైతుల పిల్లలే.

మాది కోనసీమ. నేను జకార్తాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, ఒక ఏడు దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక నాన్నగారిని రప్పించుకున్నాను. ఎత్తైన బిల్డింగులో ఫ్లాటు. ఆయనకి అక్కడ ఏం చెయ్యాలో తోచేది కాదు. పొద్దున్న లేస్తే బాల్కనీలో నిలబడి కింద ట్రాఫిక్ చూడటం, గంటకోసారి ఫోన్ తీసి బ్యాంకు మెసేజ్ వచ్చిందేమో చూసుకోవడం. ధాన్యం తోలేసి వచ్చారు, డబ్బులింకా పడలేదు. మాల్‌కి తీసుకెళ్తే చలేస్తోందన్నారు. ఆ సంగతి ఆఫీసులో చెబితే సుకబూమి వైపు కుర్రాడొకడు, 'రైతుని మాల్‌కి తీసుకెళ్తారా ఎవరైనా? చిప్తగెలార్‌లో ఇప్పుడు కోతలు, అక్కడికి తీసుకెళ్ళండి, నేనూ వస్తాను' అన్నాడు.

జకార్తా నుంచి పొద్దున్నే బయలుదేరి దక్షిణంగా దిగితే పెలబుహాన్ రతు అనే సముద్రపొడ్డు ఊరు వస్తుంది. అక్కడి నుంచి కొండెక్కాలి. దాన్ని రోడ్డు అన్నవాడికి దణ్ణం పెట్టాలి. గుండ్రాళ్ళు, బురద, పక్కన లోయ. కారు కిందే వదిలేసి ఓజెక్‌లు మాట్లాడుకున్నాం. ఓజెక్ అంటే అద్దె మోటార్‌సైకిలే, వెనక కూర్చోవాలి. నాన్నగారు నడిపేవాడి చొక్కా రెండు చేతులా పట్టుకుని 'మన పుంతదారే నయంరా' అని అరవడం ముందు బండి మీదున్న నాకు వినిపిస్తూనే ఉంది.

ఊరి పెద్దని అక్కడ అబా అంటారు. ఆయన ఇల్లే ఇమా గెదె, అంటే పెద్దిల్లు. వచ్చినవాళ్ళెవరికైనా అందులోనే మకాం, భోజనం. బిల్లు ఉండదు. వంటింట్లో పెద్ద పెద్ద కట్టెపొయ్యిలు. వెదురుతో శంకువులా అల్లిన బుట్టలో బియ్యం పోసి, రాగి బానలో నీళ్ళ ఆవిరి మీద ఉడికిస్తారు. తర్వాత చెక్క పళ్ళెంలోకి దింపి, ఒకళ్ళు తెడ్డుతో కలుపుతుంటే ఇంకొకళ్ళు విసనకర్రతో విసురుతారు. మిల్లు పెట్టుకోకూడదు కాబట్టి బియ్యమన్నీ దంపుడువే. పడవలా తొలిచిన పొడవాటి చెక్కరోలు చుట్టూ ఆడవాళ్ళు రోకళ్ళతో నిలబడి వంతుగా దంచుతారు. ఆ చప్పుడు వినగానే నాన్నగారు వాళ్ళమ్మ గురించి మొదలుపెట్టారు. అది ఇక్కడ రాస్తే ఇంకో జవాబవుతుంది.

మర్నాడు చేలోకి వెళ్ళాం. కొండవాలు మీద మెట్లుమెట్లుగా మడులు. ఎవరి చేతిలోనూ కొడవలి లేదు. ఎతెమ్ అని చిన్న పనిముట్టు. చెక్కముక్కకి పల్చటి బ్లేడు బిగించి ఉంటుంది, అరచేతిలో దాగిపోతుంది. దాంతో ఒక్కో కంకినీ విడిగా తెంపుతారు. నాన్నగారు గట్టు మీద నిలబడి కాసేపు చూసి, 'ఇలాగైతే ఎకరం కొయ్యడానికి సంక్రాంతి అవుద్దిరా' అన్నారు. మాతో వచ్చిన కుర్రాడు నవ్వి విషయం చెప్పాడు. వరిలో న్యి పొహచి అనే దేవత ఉంటుందట, శ్రీ అని కూడా అంటారు. పెద్ద కత్తి చూస్తే బెదిరిపోతుందని చేతిలో దాచుకుని కోస్తారట. నేను తెలుగులో చెప్పగానే నాన్నగారు, 'శ్రీ అంటే లక్ష్మే కదా, ముందే చెప్పొద్దూ' అని నన్ను కసిరి, చెప్పులు గట్టు మీద విడిచి మడిలోకి దిగారు.

ఒక ముసలావిడ తన ఎతెమ్ ఆయనకిచ్చింది. ఆవిడ సుందా భాషలో, ఈయన తెలుగులో. మధ్యలో కుర్రాడూ నేనూ ఇండోనేషియన్‌లో అవస్థపడుతున్నాం గానీ వాళ్ళకి మా అవసరం పెద్దగా పడలేదు. కోసిన కంకుల్ని పిడికెడేసి కట్ట కడతారు, పొచొంగ్ అంటారు. వాటిని వెదురు దండేల మీద బారులుగా ఆరేసి, ఆరాక కావిళ్ళతో మోసుకెళ్ళి గాదెలో పెడతారు. ఇది చూసి నాన్నగారు అడిగిన ప్రశ్న నా జన్మలో నాకు తట్టేది కాదు: 'కంకి మీదే ఇన్నాళ్ళు ఉంచితే గింజ రాలదా?' మన స్వర్ణ రకం వరి అయితే ఇన్ని చేతులు మారేసరికి సగం నేల మీదే ఉండేదని ఆయన లెక్క. ముసలావిడ ఒక కట్ట తీసి అరచేతికేసి కొట్టి చూపించింది. రాలలేదు. మీసాలున్న వడ్లు, నిటారైన దంటు. జావా పాత రకాల్లో చాలావాటికి గింజ గట్టిగా పట్టుకుని ఉంటుంది. అందుకే కంకిగా కొయ్యడం, కంకిగా దాచడం కుదురుతున్నాయి. ఇలాంటి రకాలు వాళ్ళ దగ్గర వందకు పైగా ఉన్నాయి.

తేమ శాతం ఎంతుండాలని కూడా అడిగారు. నేను అనువదించలేదు. ఆవిడే ఒక గింజ పంటి కింద పెట్టి టక్కుమనిపించి ఆయన చేతిలో ఇంకోటి పెట్టింది. ఆయన కూడా కొరికి తలూపారు. ఇంటి దగ్గర 17 శాతం దాటిందని ఒక మిల్లరు మా ధాన్యాన్ని గోనెల్లోనే రెండు వారాలు పడేయించాడు. ఆ మిషన్ ఒక్కో బస్తాకి ఒక్కో అంకె చూపిస్తుంది. పంటి కింద గింజ మాత్రం అందరికీ ఒకేలా చప్పుడు చేస్తుంది.

ఇక గాదెల దగ్గరికి వస్తాను. లెయిత్ అంటారు. స్తంభాల మీద నిలబెట్టిన చిన్న ఇళ్ళు, వెదురు తడికల గోడలు, తాటిజాతి చెట్టు నల్లటి పీచుతో కప్పు. తలుపు పైన, చూరు కింద ఉంటుంది. నిచ్చెన వేసుకుని ఎక్కాలి. ఇంటింటికీ కనీసం ఒకటి, కొందరికి నాలుగైదు. ఇవి కాక ఊరుమ్మడి గాదె ఒకటుంది, పేరు సి జిమత్. ఎవరికైనా తిండిగింజలు తక్కువైతే అందులోంచి తీసుకుని పంట వచ్చాక తిరిగి పెడతారు. నాన్నగారు ఒక గాదె గోడ మీద చెయ్యేసి, లోపల ఎన్నాళ్ళ గింజ ఉందని అడిగారు. కొన్నేళ్ళదని చెప్పారు. 'మరి ధర వచ్చినప్పుడు అమ్మరా?' అన్నారు. కుర్రాడు ఈ ప్రశ్న అడగడానికి కొంచెం మొహమాటపడ్డాడు. గాదె పెద్దాయన మాత్రం ఏమీ అనుకోలేదు. అరటిపళ్ళు అమ్ముతాం, తాటిజాతి చెట్టు బెల్లం అమ్ముతాం, కూరగాయలు అమ్ముతాం, వడ్లు ప్రాణం, ప్రాణానికి ధరేముంటుంది అన్నాడు. నాన్నగారు వెంటనే నాతో, 'మరి కూతురి పెళ్ళికి ఏం అమ్ముతాడో అడుగు' అన్నారు. అడిగాను. బెల్లం అని, పట్నంలో పనిచేసే కొడుకులు డబ్బు పంపుతారని జవాబొచ్చింది. నాన్నగారికి అది సగమే నచ్చింది.

ఇంకో కట్టుబాటు ఉంది. ఏడాదికి ఒకటే పంట. నేల తల్లి, ఏడాదికి ఒక కాన్పు చాలు అంటారు. అందరూ ఒకేసారి నారు పోస్తారు, ఒకేసారి కోస్తారు. ఎప్పుడు మొదలుపెట్టాలో నక్షత్రాలు చూసి చెబుతారు. కెర్తి, కిదాంగ్ అని వాళ్ళు చూసేవి మన కృత్తిక, మృగశిరలే. నాన్నగారు మృగశిర కార్తె అనగానే ఇద్దరు ముసలాళ్ళూ ఆకాశంలోకి వేళ్ళు పెట్టి చూపించుకోవడం మొదలెట్టారు, పట్టపగలు.

ఈ ఒక్క పంట సంగతి మూఢనమ్మకం అనుకునేవాళ్ళు జావా చరిత్ర కాస్త చదవాలి. 1966లో ఫిలిప్పీన్స్‌లో విడుదలైన ఐఆర్ 8 అనే పొట్టి వరి వంగడం మనకి తెలుసు. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి చూపించి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆ ఐఆర్ 8కి తల్లి జావాలో తయారైన పెటా అనే రకమే. అలాంటి పొట్టి రకాలు వచ్చాక జావా మైదానాల్లో ఏడాదికి రెండు పంటలు, మూడు పంటలు వేశారు, మందు మీద మందు కొట్టారు. 1970ల్లో వరికి పట్టే సుడిదోమ విరుచుకుపడింది. దోమపోటు అంటే గోదావరి జిల్లాల వాళ్ళకి నేను వివరించక్కర్లేదు. మందులు దోమని తినే సాలీళ్ళని కూడా చంపడంతో దోమ ఇంకా పెరిగింది. చివరికి 1986లో అప్పటి ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల్ని ఒక్క దెబ్బతో నిషేధించింది. చేను ఖాళీగా ఉన్న నెలల్లో పురుగుకి తిండి దొరకదన్న సంగతి ఈ కొండవాళ్ళు మందులు పుట్టకముందే పాటిస్తున్నారు.

మా కోనసీమలోనూ 2011లో రైతులు చేలు ఖాళీగా వదిలేశారు. దాన్ని క్రాప్ హాలిడే అన్నారు. గిట్టుబాటు కాక, కడుపు మండి వదిలేశారు. చిప్తగెలార్‌లో చేను ఏటా విశ్రాంతి తీసుకుంటుంది, ఎవడికీ కడుపు మండదు. నేను చెప్పదల్చుకున్నది ఇదే, ఎవరేమన్నా సరే: మన రైతుని ముంచింది ధర తక్కువవడం కాదు, ఇంట్లో గాదె పోవడం. మా ఇంట్లో గాదె నా చిన్నప్పుడే తీసేసి ఆ చోట బాత్రూం కట్టారు. ఇప్పుడు పండించిన ముతక ధాన్యమంతా కళ్ళంలోంచే వెళ్ళిపోతుంది. తినడానికి సన్నబియ్యం కొట్లో కొంటాం, జీఎస్టీ పుణ్యమా అని 25 కేజీలు కాస్తా 26 కేజీలైన సంచి. వరి పండించేవాడు బియ్యం కొట్టుకి వెళ్ళి నిలబడ్డ రోజే అన్నీ పోయాయి. ఆర్థికశాస్త్రం చదివినవాళ్ళు కింద కామెంట్లలో నన్ను దిద్దుతారని తెలుసు, దిద్దండి.

నాన్నగారే ఒప్పుకోలేదు లెండి. తిరుగు ప్రయాణంలో, 'ఆళ్ళకి కౌలు లేదు, కాలేజీ ఫీజు లేదు, బ్యాంకు నోటీసు లేదు. మనకి గాదె ఉన్నా అందులో ఏం మిగులుద్దిరా' అన్నారు. నేను వాదించాను, ఆయన నిద్రపోయారు. ధాన్యం డబ్బులు ఆయన ఇండియా వెళ్ళాక పడ్డాయి.

అదేదో పాతకాలపు స్వర్గం అనుకుని వెళ్ళకండి. అక్కడ కుర్రాళ్ళకి ఫోన్లున్నాయి, బైకులున్నాయి. వాగు మీద చిన్న టర్బైన్ పెట్టి కరెంటు తీసుకుంటారు, సొంత టీవీ చానెల్ కూడా నడిపారు. ఇంటి కప్పుకి మాత్రం పెంకు వెయ్యరు, మట్టి కింద పడుకునేది చచ్చినవాళ్ళే అంటారు. అడవితో వాళ్ళ గొడవ వాళ్ళకుంది: చుట్టూ నేషనల్ పార్కు, 2003లో దాన్ని ఇంకా పెంచారు. తాతల నాటి అడవిలోకి వెళ్ళడానికి ఎవరిని అడగాలో మన పోడు రైతుల్నడిగితే చెబుతారు.

వెళ్ళేవాళ్ళకి: ఊరి పెద్ద అబా ఉగి తన కేంద్రాన్ని గెలార్ ఆలమ్ అనే కొత్త చోటికి మార్చారు, దగ్గరే, కాబట్టి ఎక్కడికి వెళ్ళాలో ముందే కనుక్కోండి. మగవాళ్ళు తలకి గుడ్డ కట్టుకోవాలి, ఆడవాళ్ళు వంటింట్లోకి వెళ్ళాలంటే నడుముకి లుంగీలాంటిది చుట్టుకోవాలి. భోజనానికి డబ్బులివ్వబోయే బదులు కాఫీపొడి, పంచదార, నూనె పట్టుకెళ్ళండి. బియ్యం పట్టుకెళ్తే నవ్వుతారు. కొత్త పంటల పండగ సెరెన్ తౌన్ మామూలుగా ఆగస్టు, సెప్టెంబరుల్లో వస్తుంది, అప్పుడు జనం విపరీతం. శాకాహారులైతే ఎండుచేప వాసనకి సిద్ధపడి ఆవకాయ సీసా ఒకటి సంచిలో వేసుకోండి. నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఓజెక్ జోలికి పోకండి, పెలబుహాన్ రతులోనే ఫోర్‌వీల్ జీపు మాట్లాడుకోండి, దిగేటప్పటి ధర కూడా ఎక్కేముందే తేల్చుకోండి.