మింగేసిన విభక్తి

సందేహం: ‘ద ఫస్ట్ బోట్ టు రీచ్ ద హార్బర్’ అన్నదాన్ని మా విద్యార్థి ‘హార్బరుకు చేరడానికి మొదటి పడవ’ అని రాశాడు. ‘ఎ హౌస్ టు లివ్ ఇన్’ అంటే ‘లోపల నివసించడానికి ఇల్లు’ అన్నాడు. ‘ఏ పడవైతే మొదట చేరిందో ఆ పడవ’ అని దిద్దాను. సరేనా?
– ఒక ఉపాధ్యాయిని, విశాఖపట్నం

సమాధానం: ‘టు’ కనబడగానే ‘-డానికి’ తగిలించడం బడిలో అంటిన జబ్బు. ఫస్ట్, లాస్ట్, నెక్స్ట్, ఓన్లీ వంటి మాటల తర్వాత వచ్చే ‘టు’ ప్రయోజనాన్ని చెప్పదు, దానికి సొంత కాలమూ లేదు. కాలం ప్రధాన క్రియలో వెతకండి. అక్కడ ‘వాజ్’ ఉంటే ‘మొదట చేరిన పడవ’, ‘విల్ బీ’ ఉంటే ‘మొదట చేరే పడవ’. ‘లెటర్స్ టు రైట్’ అయితే ‘రాయవలసిన ఉత్తరాలు’; ‘రాయాల్సిన’ అన్నా దోషం లేదు. ‘రాయవలసినటువంటి’ మాత్రం వద్దమ్మా, ఆ తోక టీవీ వాళ్ళకే వదిలేయండి.

ఇల్లు సంగతి వేరు. అక్కడ నిజంగానే ప్రయోజనం ఉంది, ‘ఉండడానికి ఇల్లు’ అనవచ్చు. ఇంగ్లీషులో ఆ ‘ఇన్’ జారవిడిస్తే వాక్యం కుంటుతుంది. తెలుగులో దానికి చోటే లేదు. ‘ఉండే’, ‘చేరిన’ వంటి మన ధాతుజ విశేషణం, అంటే క్రియ నుంచి పుట్టి నామాన్ని వర్ణించే మాట, విభక్తిని మింగేస్తుంది. కూరలు కోసే మనిషి, కోసే కత్తి, కోసే బల్ల: మనిషి కోస్తాడు, కత్తితో కోస్తాం, బల్లమీద కోస్తాం. ‘కోసే’ మాత్రం మారలేదు.

మరి ఆ విభక్తే ముఖ్యమైతే? పోతన గజేంద్రుణ్ణి అడగండి. ‘ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపలనుండు లీనమై యెవ్వనియందు డిందు’. చే, లోపల, అందు: సృష్టి స్థితి లయాలు మూడూ ఈ మూడింటిమీదే నిలిచాయి. ‘జగం జనించినవాడు’ అంటే ‘చే’ పోతుంది, అర్థమూ పోతుంది. అందుకే ‘ఎవ్వని’ అని మొదలుపెట్టి, చివరికి ‘వాని... ఈశ్వరు నే శరణంబు వేడెదన్’ అని ముడివేశాడు. అదే పద్యంలో ‘సర్వముఁ దానయైనవాఁ డెవ్వఁడు’ అన్నచోట విభక్తి అవసరం లేదు. హాయిగా ‘అయినవాడు’ వచ్చి కూర్చుంది. అవసరం ఎరిగి వాడటమంటే అదీ!

కాబట్టి మీ ‘ఏ పడవైతే... ఆ పడవ’ వ్యాకరణానికి విరుద్ధం కాదు. కానీ పడవ తానే చేరుతోంది, పోగొట్టుకునే విభక్తి అక్కడేముంది? ‘మొదట చేరిన పడవ’ చాలు. ‘ఎవరైతే ఆలస్యంగా వస్తారో వారు’ అని సభల్లో సాగదీసేవాళ్ళకూ ‘ఆలస్యంగా వచ్చేవారు’ సరిపోతుంది. ‘ఏ... ఆ’ అని రాసిన పిల్లవాడికి మార్కులు కోయమని మాత్రం అనను.