గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌తో గేమ్ రంగంలోకి వెళ్లొచ్చా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. గేమ్‌లు ఆగి ఆగి నడుస్తుంటే సెట్టింగ్స్ మార్చి ఎలాగోలా నడిపించడం అలవాటైంది. ఇదంతా టైమ్ వేస్ట్ అని నాన్న కోప్పడుతున్నారు. ఈ పనికి ఉద్యోగాలున్నాయా? ముందు మంచి కంప్యూటర్ కొనాలా?

జవాబు: ఉన్నాయి. గేమ్ స్టూడియోల్లో గ్రాఫిక్స్ ప్రోగ్రామర్లు, పెర్ఫార్మెన్స్ ఇంజినీర్లు చేసేది ఇలాంటి పనే. మీరు మెనూలో చేస్తున్నది వాళ్లు కోడ్‌లో చేస్తారు. కొత్త కంప్యూటర్ ఇప్పుడే కొనొద్దు. ఖరీదైన కార్డు మీద కోడ్‌ను నెమ్మది చేసే లోపాలు చాలావరకు బయటపడవు. మీ ల్యాప్‌టాప్‌లో వెంటనే తెలిసిపోతాయి, నేర్చుకునేవాళ్లకు కావాల్సింది అదే.

అయితే అంచనాతో సెట్టింగ్స్ మార్చడం మానేసి, కొలవడం మొదలుపెట్టండి. ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు, అంటే తెర మీద గీసే బొమ్మల సంఖ్య) ఒక్కటే చూస్తే సరిపోదు, ఒక్కో ఫ్రేమ్‌కు ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో చూడాలి. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లలో పూర్తవ్వాలి. ఎఫ్‌పీఎస్ 20 నుంచి 25కు పెరిగితే ఫ్రేమ్‌కు 10 మిల్లీసెకన్లు ఆదా అయినట్టు. 55 నుంచి 60కి పెరిగితే ఆదా అయ్యేది ఒకటిన్నరే.

ఈ పరీక్ష ఇవాళే చేయండి. గేమ్‌లో ఒకే చోట నిలబడి రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి తగ్గించండి. పిక్సెళ్లు సుమారు 20.7 లక్షల నుంచి 9.2 లక్షలకు పడిపోతాయి. ఫ్రేమ్ సమయం బాగా తగ్గితే భారమంతా గ్రాఫిక్స్ చిప్ మీద ఉన్నట్టు. దాదాపు కదలకపోతే అడ్డుపడుతున్నది ప్రాసెసర్ అయ్యుండొచ్చు. అప్పుడు వ్యూ డిస్టెన్స్ (ఎంత దూరం వరకు గీయాలన్న సెట్టింగ్), తెర మీద తిరిగే మనుషుల సంఖ్య తగ్గించి చూడాలి. మొదట బాగా నడిచి కాసేపటికి నెమ్మదిస్తే వేడిని అనుమానించండి. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది.

డబ్బు పెట్టాలనే ఉంటే ర్యామ్ మీద పెట్టండి. విడి కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ సిస్టమ్ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకే స్టిక్ ఉండి, పక్క స్లాట్ ఖాళీగా ఉంటే అదే సైజుది ఇంకోటి వేయండి. రెండు స్టిక్‌లూ కలిసి పనిచేసే డ్యూయల్ ఛానల్‌లో డేటా వెళ్లే దారి రెండింతలవుతుంది.

చదువు విషయానికొస్తే సీ++, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా పట్టండి. గ్రాఫిక్స్ చిప్‌తో బొమ్మలు గీయించే ఓపెన్‌జీఎల్‌తో చిన్న సీన్ ఒకటి సొంతంగా రాయండి. రెండర్‌డాక్ అనే ఉచిత టూల్‌తో అందులోని ఒక్క ఫ్రేమ్‌ను పట్టుకుని, ఏది ఏ వరుసలో గీస్తున్నారో చూడండి. ఇళ్లలో త్రీడీ కార్డులు లేని 1993లో డూమ్ గేమ్ అంత వేగంగా నడవడానికి ఒక కారణం, గోడలను గీసే వరుస తేల్చడానికి బీఎస్‌పీ ట్రీని (లెవెల్‌ను ముక్కలుగా విభజించి, ఏది ముందో ఏది వెనకో చెప్పే అమరిక) ముందే తయారుచేసి పెట్టుకోవడం. దాని సోర్స్ కోడ్ 1997లో విడుదలైంది, తప్పకుండా చదవండి.

మీ నాన్నగారి టెన్షన్‌లోనూ న్యాయం ఉంది. గేమ్ ఆడిన గంటలను ఏ ఇంటర్వ్యూలోనూ లెక్కలోకి తీసుకోరు. మీ సీన్‌లో ఫ్రేమ్ సమయం ఎంత నుంచి ఎంతకు తగ్గింది, ఏ మార్పు పనిచేసింది, ఏది చేయలేదు అన్నది రెండు పేజీల్లో రాసి ఆయనకు చూపించండి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు కూడా అదే తీసుకెళ్లండి. గేమ్ స్టూడియోల్లో ఉద్యోగాలు నిలకడగా ఉండవు. కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటా స్ట్రక్చర్స్ వదలొద్దు. అవి గట్టిగా వస్తే బ్రౌజర్లు, మ్యాప్‌లు, మెడికల్ ఇమేజింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే చోట్ల కూడా ఈ నైపుణ్యంతో ప్రయత్నించవచ్చు.