బందరుకి జనాన్ని రప్పించే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బందరులో, అదే మచిలీపట్నంలో, వారసత్వ ఉత్సవం చేస్తామని నువ్వూ నీ స్నేహితులూ పంపిన కాగితాలు చదివాను. మూడు రోజుల సంబరం, లేజర్ షో, మంగినపూడి బీచ్‌లో స్టేజీ. నాలుగో రోజున ఊళ్లో ఏం మిగులుతుందో మాత్రం ఒక్క ముక్క లేదు.

2001 జనాభా లెక్కల్లో లక్షా 79 వేలు ఉన్న ఊరు 2011కి లక్షా 70 వేలకి దిగింది. జిల్లా కేంద్రమై ఉండీ తగ్గింది. గోల్కొండ నవాబుల రేవనీ, 1611లో ఇంగ్లీషు కంపెనీ కొట్టు తెరిచిన చోటనీ, 1864 ఉప్పెనలో 30 వేల మందిని పోగొట్టుకుందనీ కరపత్రంలో వేస్తారు, వెయ్యండి. కానీ ఈ చరిత్ర వల్ల ఊళ్లో ఎవరింటికి నెలనెలా డబ్బులొస్తాయో ముందు లెక్క తేల్చండి.

ఆ లెక్క పక్కనున్న పెడన నుంచి మొదలుపెట్టు. అక్కడ చెక్క అచ్చులతో గుడ్డ మీద బొమ్మలద్దే కలంకారీ ఇంకా బతికున్న పని. గుడ్డని కరక్కాయ, పాలలో ముంచి ఆరేయడం, ఇనుము బెల్లం నీళ్లలో ఊరబెట్టి నలుపు తీయడం, పటిక అద్ది ఎరుపు తేల్చడం, చివర పారే కాలువలో జాడించడం. వచ్చినవాళ్లకి ఇవన్నీ వరసగా చూపించు. టేకు అచ్చు చెక్కే మనిషి దగ్గర కూర్చోబెట్టు. ఆయన పని ఆపి చూపించే గంటకి కూలి టిక్కెట్టులోంచే ఇవ్వాలి. చాలాచోట్ల ఫొటోలు తీసుకుని దణ్ణం పెట్టి వెళ్లిపోతారు, ఆ దణ్ణంతో అన్నం ఉడకదు. స్క్రీన్ ప్రింటు గుడ్డని కలంకారీ అని అమ్మే కొట్టుని మాత్రం మీ దారిలో పెట్టొద్దు, ఎంత కమిషన్ ఇస్తానన్నా సరే.

చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగల పనిని వారసత్వం కాదని వదిలేశారేం? పాతరాళ్లకే పరువుంటుందా? ఎన్నో ఇళ్లకి అన్నం పెడుతున్న పనది. చేర్చండి. బందరు లడ్డు సంగతి నేను చెప్పక్కర్లేదు, అది తనంతట తనే అమ్ముడవుతుంది.

బందరుకోటలో డచ్చివాళ్ల సమాధులు చూడదగ్గవే. రాళ్ల మీద చెక్కిన వంశచిహ్నాలు చూపించి చెబితే అరగంట చాలు.

అసలు చిక్కు బసకి పనికొచ్చే పాత ఇళ్లతో. బెజవాడ 70 కిలోమీటర్లే కాబట్టి పొద్దున వచ్చినవాళ్లు సాయంత్రానికి వెళ్లిపోతారు. రాత్రి ఉంటేనే హోటలు, ఆటో, పాలవాడు అందరికీ నాలుగు రూపాయలు. అందుకు పెద్ద మేడ అక్కర్లేదు, నడుమ వాకిలున్న పాత మండువా ఇల్లు ఒక్కటి చాలు. కానీ దానికి ఐదుగురు వాటాదారులుంటారు, ఇద్దరు అమెరికాలో. కొనడానికి పోకు. పదేళ్లకి తక్కువ కాకుండా లీజు రాయించి రిజిస్టరు చేయించు. ఒక్కరి సంతకం మిగిలినా గోడ ముట్టుకోవద్దు. ఇల్లు బాగుపడ్డాక ఆ ఒక్కరే తగువుకి వస్తారు.

మరమ్మతుకి గానుగలో ఆడించిన సున్నమే వాడు. మనది ఉప్పుగాలి. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోదు, ఉప్పు పొంగి ఇటుక పొడిగా రాలుతుంది. మేస్త్రీ నవ్వుతాడు, నవ్వనీ. సున్నం పని తెలిసిన ముసలాయన్ని వెతికి, పక్కన ఇద్దరు కుర్రాళ్లని కూలిచ్చి పెట్టు. ముందు మరుగుదొడ్డి కట్టించు, తర్వాతే రంగులు.

మున్సిపల్ కార్పొరేషన్‌కి కాగితం ఇచ్చేటప్పుడు వేడుక అని రాయకు. ఇన్ని ఇళ్లు, ఇంతమందికి పని అని రాయి. ఆఫీసులో కదిలేది అలాంటి కాగితమే.

ఉత్సవం కావాలంటే చేసుకోండి, వద్దనను. వేసవిలో మాత్రం పెట్టకండి. కాలువలకి నీళ్లు కట్టేస్తే పెడనలో గుడ్డ జాడించడమే ఉండదు, వచ్చినవాళ్లకి ఏం చూపిస్తారు? నీళ్లు వదిలాక తేదీ ఖాయం చేసి నాకు రాయి. ఇళ్ల వాటాదారుల జాబితా కూడా దాంతోనే పంపు.

మీ మామయ్య