ఆ ప్రొఫెసర్‌ని తీసెయ్యి

అమ్మాయికి ఆశీస్సులు,

నీ తేనెటీగల కామిక్ అందింది. బొమ్మలు బాగున్నాయి. కానీ మూడో పేజీ దగ్గర నాకు ఒళ్ళు మండింది. పూలెక్కడున్నాయో తోటి ఈగలకి చెప్పే ఈగ నాట్యం గురించి కథ పెట్టుకుని, ఆ నాట్యం చూపించకుండా గడ్డం ప్రొఫెసర్‌ని నిలబెట్టి నాలుగు మాటల బెలూన్ల నిండా పాఠం చెప్పించావు. అలాగైతే వ్యాసమే రాయొచ్చుగా?

కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్తకి 1973లో నోబెల్ తెచ్చిన విషయం ఇది. బొమ్మకి ఎంత చక్కగా లొంగుతుందో చూడు. తేనెపెట్టెలో తేనెపట్టు నిలువుగా ఉంటుంది, చుట్టూ చీకటి. సూర్యుడు కనపడడు కాబట్టి 'నిట్టనిలువుగా పైకి' అంటే సూర్యుడున్న దిక్కు అని ఈగల లెక్క. పూలు సూర్యుడికి కుడిపక్కన 40 డిగ్రీల్లో ఉంటే, ఈగ నిలువుకి కుడిగా 40 డిగ్రీల వాలులో ఒళ్ళూపుకుంటూ పరిగెడుతుంది. పూలు దూరమయ్యేకొద్దీ ఆ పరుగు ఎక్కువసేపు సాగుతుంది. రెండు ఫ్రేములు చాలు. ఒకదాంట్లో పెట్టె, పూలు, సూర్యుడు. పక్కదాంట్లో పట్టు మీద ఈగ. రెండింట్లో ఒకే కోణం గియ్యి. చూసినవాళ్ళు తమంతట తామే పట్టేస్తారు.

నేను బళ్ళో పాఠాలు చెబుతూ రాత్రిళ్ళు బొమ్మలేసేవాణ్ణి. పొద్దున్నే ఆ పేజీ పిల్లల ముందు పెట్టి, బెలూన్లు చేత్తో మూసి, "ఏం జరుగుతోందిరా?" అని అడిగేవాణ్ణి. చెప్పలేకపోతే చింపేసి మళ్ళీ గీసేవాణ్ణి. అలా గీసిన గ్రహణం కథని ఒక పత్రిక ఎడిటర్ ఏం చేశాడో తెలుసా? చంద్రుడి నీడ భూమ్మీద పడే ఫ్రేములు పీకేసి, అక్కడ 'మీకు తెలుసా?' అని డబ్బా కట్టాడు. "పిల్లలకి నవ్వొస్తే చాలండీ" అన్నాడు. నీడ లేకుండా గ్రహణం ఎలా తెలుస్తుంది? తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

జే హోస్లర్ కామిక్ 'క్లాన్ ఏపిస్' సంపాదించి చదువు. ఆయన తేనెటీగల మీద పరిశోధన చేసిన బయాలజీ ప్రొఫెసర్, బొమ్మలూ ఆయనవే. ఒక ఈగ బతుకునే కథ చేశాడు. మన లక్నోలో ప్రదీప్ శ్రీవాస్తవ అనే శాస్త్రవేత్త కూడా 'సైంటూన్లు', అంటే సైన్సు కార్టూన్లు, స్వయంగా గీశారు. కానీ మన దగ్గర మామూలుగా సైన్సు తెలిసినాయన మ్యాటర్ రాసిచ్చేస్తాడు, ఆర్టిస్టు దాని పక్కన బొమ్మ అతికిస్తాడు. ఇద్దరూ ఒక్కసారైనా కలిసి కూర్చోరు. నువ్వలా చెయ్యకు. ఊళ్ళో తేనెపెట్టెలు పెట్టినవాళ్ళుంటే వెళ్ళి, ఆ పట్టు ముందు కూర్చుని గియ్యి.

ఏ యాప్‌లో వెయ్యాలి, ఎవరు అచ్చేస్తారు అని అడిగావు. అవి తర్వాత. ముందు మూడో పేజీ మాటల్లేకుండా గీసి పంపు. నాట్యమాడే ఈగకి మీసాలు పెట్టావు, అవీ తీసెయ్యి. మేతకెళ్ళే ఈగలన్నీ ఆడవే.