మంచు పడిందని కోత పెట్టకు

చిట్టితల్లికి మీ అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. నువ్వు హైదరాబాదులో ఉద్యోగం మానుకుని నాగాయలంక పొలం స్వయంగా చేస్తున్నావని, కంకులు వంగాయని, ఇంకో పదిహేను రోజుల్లో కోతకు వస్తాయని చెప్పాడు. వాడి గొంతులో దిగులుంది. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. మీ తాతయ్య పోయాక ఆ మూడెకరాలూ కౌలుకే పోతున్నాయి. గట్టు మీద మన ఇంటి మనిషి నిలబడి ఎన్నేళ్ళయిందో! ఆయన ఉంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు.

తర్వాత వాడు చెప్పిన మాటతోనే నాకు నిద్ర పట్టలేదు. పుస్తకం ఒకటి పెట్టుకుని, ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర చలికాలపు వాన గుర్తులన్నీ రాసుకుంటున్నావట. ఈసారి కోత రోజు ఆ గుర్తులు చూసే పెడతానన్నావట. రాసుకోవడం మంచిదే, రాసుకో. కోత మాత్రం నా ఉత్తరం చదివాక పెట్టు.

నీకు తెలిసినవి ముందు అనేస్తాను. కోతకు పది రోజుల ముందు మడిలో నీళ్ళు తీసెయ్యి. మురుగుబోదె పూడిక తీయించు. మిషనుతో కోయిస్తే ధాన్యం పచ్చిగా వస్తుంది, ఆరబెట్టే చోటు ముందే చూసుకో. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ పెడతారు. కూలీలకు మధ్యాహ్నం మజ్జిగ మరిచిపోకు.

ఇక గుర్తుల సంగతి. ఇవి ఉత్త మాటలని ఎవరన్నా నమ్మకు. ‘దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన’ అని మా అమ్మ అనేది. గుడి అంటే చంద్రుడి చుట్టూ కట్టే వలయం. అది పెద్దగా కట్టిందంటే, చాలా ఎత్తున మంచు రేణువుల పల్చని మబ్బు పరుచుకుందన్నమాట. వాన మబ్బులకు ముందు వచ్చేది తరచుగా ఆ మబ్బే. తూనీగలాడితే తూమెడు వాన అన్నారు. గాలిలో తేమ పెరిగితే చిన్న పురుగులు కిందికి దిగుతాయని, వాటి వెంట తూనీగలూ దిగుతాయని అంటారు. చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కుతుంటే నేనిప్పటికీ ఆరేసిన బట్టలు తీసేస్తాను. చలి కూడా లెక్క తప్పదు. సంక్రాంతికి చంకలెత్తనివ్వదు, మాఘంలో మాకులను వణికిస్తుంది, శివరాత్రికి శివశివా అంటూ పోతుంది. ఆ చలి సరిగా పడితేనే మీ పెరటి మామిడి పూస్తుంది. మబ్బు పట్టిందంటే పూతకు తేనెమంచు పురుగు పడుతుంది, అదీ చూసుకో.

ఇన్ని తెలిసిన దాన్నే నేను మోసపోయాను. ఎలాగో చెబుతాను, విను.

మీ మామయ్య పోయిన ఏడాది అది. నాకు ముప్పై నాలుగేళ్ళు. నాలుగెకరాలు, ఇద్దరు పిల్లలు. ఆడమనిషి సేద్యం ఏం చేస్తుందని అన్నవాళ్ళ ముందు ఒక్క పంట తీసి చూపించాలని పట్టుదల. మార్గశిర మాసం. నవంబరు దాటింది కనుక తుఫాను గండం గడిచిందని నా ధీమా. పౌర్ణమికి నాలుగు రోజుల ముందు తెల్లవారి గట్టు మీదికి వెళ్ళాను. మంచు దట్టంగా పడింది. గడ్డి మీద సాలెగూళ్ళన్నీ తడిసి ముత్యాల్లా ఉన్నాయి. ఉత్తరపు గాలి సన్నగా వీస్తోంది, ఇంట్లో నెయ్యి గిన్నెలో గట్టిగా పేరుకుంది. మంచు పడితే వాన పోయినట్టే అని చిన్నప్పటి నుంచీ వింటున్నదే కదా. నాలుగెకరాలకూ ఒక్కసారే కూలీలను పెట్టేశాను.

మా పాలేరు తాత ఒకడుండేవాడు. సముద్రం ఒడ్డున హంసలదీవి వైపు పుట్టినవాడు. ఆయన కోత ఆపమనలేదు కానీ, "అమ్మా, రాత్రి నుంచీ సముద్రం మోగుతోంది" అన్నాడు. మాకు సముద్రం పది కిలోమీటర్లు. ఉత్తరపు గాలికి ఆ మోత మా ఊరికి వినిపించదు, అయినా వినిపించిందంటే కెరటం ఎంత పెద్దదో! ఎక్కడో దూరాన పుట్టిన వాయుగుండం తనకంటే ముందు కెరటాలను తోలుతుంది. అప్పుడు నాకది తెలియదు. "మంచు ఇంత పడుతుంటే వానేమిటి తాతా" అని కసిరాను. ఆ రాత్రి రేడియోలో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు. అది మద్రాసు వైపు పోతుందిలే అనుకుని రేడియో కట్టేశాను.

మూడో రోజు సాయంత్రానికి ఆకాశంలో దూది పింజలు ఈడ్చినట్టు మబ్బులు. రాత్రి చంద్రుడి చుట్టూ గుడి కట్టింది, ఎంత పెద్దదంటే వాకిట్లో నిలబడి తల తిప్పి చూడాల్సి వచ్చింది. దూరపు గుడి. చూశాను తల్లీ, చూసి లోపలికి వెళ్ళి పడుకున్నాను. కోసి పరిచిన పనలు ఇంకొక్క రోజు ఆరితే కట్టలు కట్టేద్దామని. అప్పటికప్పుడు నలుగురిని లేపి ఒక ఎకరం కుప్ప వేసుకున్నా సరిపోయేది. తెల్లవారకముందే మొదలై మూడు రోజులు కురిసింది. పెద్ద గాలి లేదు, ఇంటి మీద ఒక్క పెంకు కదలలేదు. వాన మాత్రం ఆగలేదు.

అయిదో రోజు మోకాటి లోతు నీళ్ళలో దిగి ఒక పన ఎత్తాను. రాలేదు. ఇంకా గట్టిగా లాగితే చాపలా లేచింది. గింజ గింజకూ తెల్లటి మొలక, ఒక కంకి వేళ్ళు పక్క కంకి వేళ్ళలో అల్లుకుపోయి ఉన్నాయి. పుల్లటి వాసన. ఆ చాప చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పాలేరు తాత వచ్చి దాన్ని నా చేతిలోంచి తీసుకుని గట్టు మీద పెట్టాడు. ఆయన ఒక్క మాట అనలేదు. ఆ సంక్రాంతికి నా గాజులు అమ్మి అప్పు తీర్చాను.

ఇన్నేళ్ళుగా ఆలోచించి నేను తెలుసుకున్నది ఇది. మంచు అబద్ధం చెప్పలేదు. నిన్న రాత్రి మబ్బు లేదు, పెద్ద గాలి లేదు అని మాత్రమే అది చెప్పింది. నేను దాన్ని వచ్చే వారం గురించి అడిగాను. తూనీగ చెప్పేది ఒక పూట సంగతి, గుడి చెప్పేది ఒకటి రెండు రోజులు. పన మీద పడిన వరికి నాలుగైదు రోజుల ఎండ కావాలి. ఆ మిగిలిన రోజుల లెక్క గుర్తుల్లో లేదు, వాతావరణ కేంద్రం దగ్గర ఉంది. వాళ్ళు తుఫానుకు 72 గంటల ముందే ఒకమాట, 48 గంటలకు ఒకమాట, 24 గంటలకు ఒకమాట చెబుతారు. 2023లో మిచాంగ్ తుఫాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. డిసెంబరు వచ్చింది కదా అన్న నా పాత ధీమా తలచుకుని ఆ రోజంతా ఒళ్ళు జలదరించింది.

అందుకని, మూడెకరాలూ ఒక్కసారి కొయ్యకు. మబ్బు కనబడిన పూటే కట్ట కట్టి కుప్ప వెయ్యగలిగినంత మేరే కొయ్యి. తడిస్తే ఏడుస్తూ కూర్చోకు. నీళ్ళు బోదెలోకి తీసేసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద పిచికారీ చెయ్యి, మొలక ఆగుతుంది. ఆ సంగతి నాకప్పుడు ఎవరూ చెప్పలేదు. నీ పుస్తకంలో గుర్తు పక్కన తేదీ రాయి, ఆ తర్వాత ఏం జరిగిందో కూడా రాయి. తప్పినవి కొట్టెయ్యకు, అవే ముందు రాయి.

ఇంకొక్కటి. పంట సంగతి వేరు, ఇది నీ సంగతి. 1977 నవంబరు 19 శనివారం నాకు పద్నాలుగేళ్ళు. ఆ రోజు గురించి మీ నాన్నా నేనూ ఇప్పటికీ మాట్లాడుకోము. ఆ ఉప్పెనకు దివిసీమలో వేలమంది పోయారు. మేము డాబా మీద ఉన్నాము కనుక బతికాము. ఓడరేవులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వింటే కుప్ప, ధాన్యం, గేదె ఏదీ చూడకు. తాళం కూడా వెయ్యకుండా తుఫాను షెల్టరుకు వెళ్ళు. గాలి హఠాత్తుగా ఆగితే అయిపోయిందని బయటికి రాకు, అది తుఫాను కన్ను. ఆ వెనక ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది. కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ, ఈ మాట దగ్గర నాకు చెయ్యి వణుకుతుంది.

బస్సులో రెండు బరకాలు పంపుతున్నాను. ఒకదానికి మూలన చిరుగుంటే కుట్టాను. మిరపకాయ పచ్చడి సీసా మధ్యలో చుట్టి పెట్టాను, విప్పేటప్పుడు జాగ్రత్త. రాత్రిళ్ళు పడుకునే ముందు దక్షిణం కిటికీ కాసేపు తెరిచి విను. సముద్రం మోగుతుంటే ఎంత రాత్రయినా సరే ఫోను చెయ్యి. నేను మేలుకునే ఉంటాను.

మీ అత్త