అగ్రిప్పా పుస్తకం ఎవరి కంట పడింది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. మొదటి పేజీలోనే అగ్రిప్పా, పారాసెల్సస్, ఆల్బర్టస్ మాగ్నస్ అంటూ మంత్రవిద్య, రసవాదాలతో ముడిపడ్డ పాతకాలపు యూరప్ పండితుల పేర్లు వరసగా పెట్టేశావు. పేర్లు వినబడుతున్నాయి గానీ భయం పుట్టడం లేదు.

మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (1818)లోకి ఈ ముగ్గురినే తెచ్చింది. ఎలా తెచ్చిందో చూడు. కథానాయకుడు విక్టర్‌కి అప్పుడు 13 ఏళ్ళు. తోనోన్ అనే ఊరి దగ్గర స్నానాలకి వెళ్ళిన కుటుంబం వాతావరణం బాగోక ఒక రోజంతా సత్రంలోనే ఉండిపోతుంది. అక్కడ కుర్రాడి కంట అగ్రిప్పా పుస్తకం పడుతుంది. సంబరపడి తండ్రికి చూపిస్తే, ఆయన పుస్తకం పేరున్న పేజీ మీద ఓ చూపు వేసి, ఇది చెత్త, దీనిమీద కాలం పాడుచేసుకోకు అంటాడు. ఎందుకు చెత్తో చెప్పడు. చెప్పి ఉంటే పుస్తకం పక్కన పడేసేవాణ్ణని విక్టరే తర్వాత అంటాడు. మిగతా ఇద్దరూ ఆ తర్వాతే వస్తారు. నా దృష్టిలో నవలంతా ఆ ఒక్క విదిలింపు మీదే నిలబడింది. నీ కథలో పుస్తకాన్ని తీసిపారేసే ఆ పెద్దమనిషి లేడు.

నీ అగ్రిప్పా వట్టి క్షుద్రోపాసకుడు. అసలు మనిషి అంతకన్నా పనికొస్తాడు. గూఢ తత్త్వం మీద గ్రంథం చిత్తుప్రతి 1510 నాటికే రాసి ట్రిథేమియస్ అనే మఠాధిపతికి పంపాడు. 1530లో మంత్రవిద్యతో సహా విద్యలన్నీ వ్యర్థమంటూ వేరే పుస్తకం అచ్చువేశాడు. మళ్ళీ 1533లో ఆ పాత గ్రంథాన్నే మూడు భాగాలూ పూర్తిగా కొలోన్‌లో అచ్చువేయించాడు. నమ్మాడా, నమ్మలేదా? ఆ ఊగిసలాటని పట్టుకో.

ఇక ప్రయోగం సంగతి. ‘మంత్రం చదివాడు, వెలుగు వచ్చింది’ అని రాశావు. పారాసెల్సస్ పేరిట ఉన్న గ్రంథంలో తల్లి లేకుండా మనిషిని పుట్టించే పద్ధతి ఇలా ఉంటుంది: వీర్యాన్ని గాజు బుడ్డిలో పెట్టి మూతి బిగించి, గుర్రపు పేడ వేడిలో 40 రోజులు మగ్గనివ్వాలి. కదలిక కనబడ్డాక మనిషి నెత్తుటి సారం పోస్తూ, అదే వేడిలో 40 వారాలు పెంచాలి. థర్మామీటరు లేని రోజుల్లో, మురిగే పేడ నిలకడగా ఇచ్చే గోరువెచ్చదనమే వాళ్ళకి పొయ్యి. 40 వారాలంటే నిండు గర్భం. ఒళ్ళు జలదరించేది అక్కడే. షెల్లీ ఈ కొలతలేవీ వాడలేదు, విక్టర్ ప్రాణం పోసే తన రహస్యం చెప్పనే చెప్పడు. నువ్వు కొలతలిస్తే మొదటి మెట్లకే ఇయ్యి, ప్రాణం వచ్చే మెట్టు చీకట్లో ఉంచు.

వస్తువుని కూడా ఇంత దగ్గరగా చూపించాలి. ‘ఒట్రాంటో కోట’ (1764) అనే భయానక నవల రాసిన వాల్‌పోల్ దగ్గర జానెడు వెడల్పైనా లేని నల్లరాతి అద్దం ఉండేది. పైన చిన్న పిడి, దానికో రంధ్రం. పదహారో శతాబ్దపు ఇంగ్లీషు పండితుడు, మాంత్రికుడిగా పేరుపడ్డ డాక్టర్ డీ ఆత్మల్ని పిలిచిన నల్లరాయి ఇదేనని దాని పెట్టె మీద రాసుకున్నాడు. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ రాయి మెక్సికోలోని పచుకా అగ్నిపర్వత గాజని 2021లో పరీక్షల్లో తేలింది. ఎన్ని చేతులు మారి అంత దూరం వచ్చిందో! నీ పుస్తకానికీ అలాంటి దారి ఒకటి చూడు.

మూడు పేర్లలో ఒక్కటే ఉంచి, మొదటి పేజీ తిరగరాసి పంపు.